డబ్బు రాని సలహా

(ఆర్థిక ప్రణాళిక వృత్తిలోకి కొత్తగా వస్తున్నవారి కోసం విజయవాడలో జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. చివర కొన్ని ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే.

నాకిచ్చిన అంశం వృత్తి ప్రమాణాలు. భోజనాల తర్వాత ఈ మాట వింటే సగం మందికి కళ్లు మూతలు పడతాయని తెలుసు. (నవ్వులు) పైగా పరీక్ష కోసం మీరు ఇవన్నీ చదివే వచ్చారు. ఎన్‌ఐఎస్‌ఎం వాళ్ల అడ్వైజరు పరీక్షలు టెన్-ఏ, టెన్-బి రాసినవాళ్లు చేతులెత్తండి... చాలామందే ఉన్నారు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల మూడో షెడ్యూలులో ఉన్న ప్రవర్తనా నియమావళి మీలో కొందరు నాకన్నా బాగా అప్పజెప్పగలరు. అందుకని ఆ జాబితా నేను చదవను. ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. క్లయింటుకి నిజంగా పనికొచ్చే సలహా వల్ల మీకు రూపాయి కూడా రానప్పుడు, ఆ సలహా చెప్తారా? నిజాయితీ, శ్రద్ధ, సామర్థ్యం, గోప్యత, ఏది తీసుకున్నా తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది.

ఒక ఇల్లు ఊహించుకోండి. ఇది ఒక్కరి కథ కాదు, ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. తెనాలి వైపు పనిచేసి రిటైరైన హెడ్మాస్టరు గారు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్, లీవ్ ఎన్‌క్యాష్‌మెంటు అన్నీ కలిపి అరవై లక్షల దాకా అకౌంటులో పడ్డాయి. ఆయన భార్యకీ అరవై దాటాయి. డబ్బు పడిన వారంలోపే బ్యాంకు నుంచి ఫోను. "మాస్టారూ, మీరు మాకు ముఖ్యమైన కస్టమరు, ఒకసారి వచ్చి కాఫీ తాగి వెళ్లండి." ఆ సాయంత్రం పక్క వీధి ఏజెంటు స్వీటు ప్యాకెట్టు పట్టుకుని వస్తాడు. మర్నాడు తోడల్లుడి కొడుకు. వారం తిరిగేసరికి టేబుల్ మీద మూడు బ్రోషర్లు. ఏటా పది లక్షల చొప్పున ఐదేళ్లు కట్టే పాలసీ ఒకటి, బీమా, మార్కెట్ పెట్టుబడి కలిసిన యూలిప్ ఒకటి, కొత్తగా వచ్చిన ఫండ్ ఒకటి.

పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము ఉందని మాత్రం ఆ ముగ్గురిలో ఎవరూ అనరు. 2023 ఏప్రిల్ నుంచి అందులో ఒక్కొక్కరు 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. 8.2 శాతం వడ్డీ లెక్కన 30 లక్షలకి మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తాయి. వెనక ప్రభుత్వం ఉంది. మరి ఎవరూ ఎందుకు చెప్పరు? ఆ స్కీము మీద ఏజెంట్లకి ఇచ్చే అర శాతం కమీషన్ని 2011 డిసెంబరు నుంచి తీసేశారు కాబట్టి. పీపీఎఫ్ మీద ఉన్న ఒక్క శాతమూ అప్పుడే పోయింది. అమ్మేవాడికి ఏమీ రాని సరుకు గురించి ఇంటికొచ్చి చెప్పేవాడు ఉండడు. ఇందులో కుట్రేమీ లేదు, మామూలు లెక్కే.

అలాగని అరవై లక్షలూ పోస్టాఫీసులో పెట్టించమని నేను అనడం లేదు. మాస్టారికి పెన్షను ఉంది, డీఏ పెరుగుతూ ఉంటుంది. నెల ఖర్చు దాంతోనే వెళ్లిపోతుంటే కొంత డబ్బు ఈక్విటీలో పెట్టమనడమే సరైన సలహా కావచ్చు. ఆ వడ్డీకి పన్ను ఉంటుంది, అదీ చూడాలి. నేను అడిగేది వేరు. మీరు ఆ ఇంటికి వెళ్లినప్పుడు మీ కాగితం మీద ఆ స్కీము పేరు ఉంటుందా, ఉండదా? ఉంచితే ఎందుకు ఉంచారో, తీసేస్తే ఎందుకు తీసేశారో మాస్టారికి అర్థమయ్యేలా చెప్పగలరా?

ఇక్కడ కూర్చున్నవాళ్లలో మూడు రకాలు ఉన్నారు. ఏఆర్‌ఎన్, అంటే ఫండ్స్ అమ్మడానికి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, ఉన్న మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్లు, బీమా ఏజెంట్లు, సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరుగా రిజిస్టరైనవాళ్లు లేదా అవ్వాలనుకుంటున్నవాళ్లు. ముగ్గురికీ డబ్బు మూడు దారుల్లో వస్తుంది, జవాబుదారీ కూడా ఒకటి కాదు. 2013లో వచ్చిన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్స్ నిబంధనల ప్రకారం ఐఎన్ఏతో మొదలయ్యే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నవాడు క్లయింటు మేలుని తన మేలు కన్నా ముందు పెట్టాలి. అది చట్టరీత్యా అతని మీద ఉన్న బాధ్యత. దేశం మొత్తం మీద అలాంటివాళ్లు వెయ్యికి అటూ ఇటూ ఉంటారు, అంతే. మన జనాభాకి అది ఏ మూలకి? కాబట్టి రోజువారీ ఈ దేశంలో సలహా అనే పని చేస్తున్నది డిస్ట్రిబ్యూటర్లూ ఏజెంట్లే. వాళ్లని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. 2020 మార్చిలో మార్కెట్ పడినప్పుడు రాత్రి పదింటికి ఫోనెత్తి "ఆగండి, నెలనెలా కట్టే సిప్ ఆపకండి" అని చెప్పినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

కానీ తానెవరో దాచకూడదు. 2020 సవరణల తర్వాత, సెబీ రిజిస్ట్రేషన్ లేని డిస్ట్రిబ్యూటరు తన కార్డు మీద ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజరనో, వెల్త్ అడ్వైజరనో వేసుకోవడానికి వీల్లేదు. ఇప్పటికీ వేసుకుంటున్నారు. మీ దగ్గర అలాంటి కార్డులు ఉంటే ఇవాళే చింపేయండి. డిస్ట్రిబ్యూటరైతే మొదటి మీటింగులోనే చెప్పండి: "అండీ, మీ దగ్గర నేను ఫీజు తీసుకోను. ఫండ్ కంపెనీ నాకు ట్రెయిల్ కమీషన్, అంటే మీ డబ్బు అందులో ఉన్నంత కాలం కొంత శాతం, ఇస్తుంది. ఇదే ఫండ్‌లో డైరెక్ట్ ప్లాన్ కూడా ఉంది, అందులో ఆ కమీషన్ ఉండదు." 2013 జనవరి నుంచి డైరెక్ట్ ప్లాన్లు ఉన్నాయి, ఇది రహస్యమేమీ కాదు. తేడా ముప్పావు శాతం అనుకుందాం. యాభై లక్షల మీద ఏడాదికి 37,500. "నేను చేసే పనికి ఇది తగిన ఖరీదేనా, మీరే ఆలోచించుకోండి" అని అడగగలిగినవాడికి నా లెక్కలో ప్రమాణం ఉన్నట్టే, చేతిలో ఏ నంబరున్నా సరే.

ఈ రంగం ఎటు కదిలిందో ఒక్క నిమిషం చూడండి. 2009 ఆగస్టులో, ఫండ్‌లో డబ్బు పెట్టేటప్పుడే కోసుకునే ఎంట్రీ లోడు పోయింది. 2013లో డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి. 2018లో ముందస్తు కమీషన్లు ఆపి మొత్తం ట్రెయిల్ పద్ధతికి మార్చారు. ప్రతిసారీ "ఇక మా పని అయిపోయింది" అన్నవాళ్లు ఉన్నారు, అప్పుడు నేనూ ఆ గుంపులోనే నిలబడి విన్నాను. నిజంగా అయిపోయింది మాత్రం ఏడాదికోసారి ఫండ్ మార్పించి లోడు తినేవాడి పని. క్లయింటుతో పదేళ్లు ఉండేవాడికి ట్రెయిల్ వల్ల లాభమే.

ఇప్పుడు ఫీజు తీసుకునేవాళ్ల దగ్గరికి వస్తాను. "మేం ఫీజు మాత్రమే తీసుకుంటాం కాబట్టి మాకు ప్రయోజనాల ఘర్షణ లేదు" అని రిజిస్టర్డ్ అడ్వైజర్లలో కొందరికి ఒక గర్వం ఉంటుంది. అది నిజం కాదండి. సెబీ రెండు పద్ధతులు ఒప్పుకుంటుంది. మీ సలహా కింద ఉన్న ఆస్తి మీద శాతం, అది ఏడాదికి 2.5 శాతం దాటకూడదు. లేదా ఒక మొత్తం, అది ఒక కుటుంబానికి ఏడాదికి 1.51 లక్షలు మించకూడదు, మొన్నటిదాకా 1.25 లక్షలే. మొదటి పద్ధతిలో ఉన్నవాడి దగ్గరికి క్లయింటు వచ్చి "నలభై లక్షలు ఫండ్స్‌లో ఉన్నాయి, అవి తీసి ఇంటి అప్పు తీర్చేయనా?" అని అడిగాడనుకోండి. తీర్చెయ్ అంటే మీ ఫీజు ఆ మేరకు పోతుంది. "వద్దు సార్, ఈక్విటీలో పన్నెండు శాతం వస్తుంది, హోమ్ లోన్ ఎనిమిదిన్నరేగా" అనడం ఎంత తేలికో! ఆ లెక్క ఒక్కోసారి నిజం కూడా కావచ్చు, అదే చిక్కు. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా లేకుండా మనకి లాభమైన వైపు ఒరిగిపోవచ్చు. ఉద్యోగం గట్టిగా లేని నలభై ఎనిమిదేళ్ల మనిషికి అప్పు లేకుండా నిద్రపోవడం ఎన్ని శాతాలకి సమానమో ఎక్సెల్ షీటు చెప్పదు.

రెండో పద్ధతిలో, అంటే ఫిక్స్‌డ్ ఫీజులో, ఘర్షణ ఇంకో రకం. ఫీజు వచ్చేసింది కదా అని రెండో సంవత్సరం నుంచి ఫోనెత్తడం మానేయడం. పోయిన ఏడాది రిపోర్టులో తేదీ మార్చి పంపేయడం. (నవ్వులు) నవ్వుతున్నారంటే చూసినట్టే ఉన్నారు.

ఇంకో దొడ్డిదారి మన దగ్గర బాగా ఉండేది. భర్త సలహా ఇస్తాడు, భార్య పేరు మీద ఏఆర్‌ఎన్. సలహాకి ఫీజు ఇటు, కమీషన్ అటు, డబ్బు చేరేది ఒకే వంటింటికి. దాన్ని 2020లో మూసేశారు. వ్యక్తిగత అడ్వైజరు సలహా ఇచ్చే క్లయింటుకి అతని కుటుంబ సభ్యులు డిస్ట్రిబ్యూషన్ చేయకూడదు. అటునుంచి ఇటూ అంతే. క్లయింటు వైపు కూడా కుటుంబాన్ని ఒక్కటిగానే చూస్తారు. భర్తకి సలహాదారుగా ఉండి, ఆయన మీద ఆధారపడిన భార్యకి ఫండ్స్ అమ్ముతానంటే కుదరదు. ఈ నిబంధన రాసినవాళ్లకి మన ఇళ్ల సంగతి బాగానే తెలుసు అనిపించింది నాకు.

2024 డిసెంబరులో వచ్చిన మార్పులతో ఈ వృత్తిలోకి రావడం తేలికైంది. అనుభవం ఉండాలన్న షరతు పోయింది. నెట్‌వర్త్, అంటే అప్పులు పోను మిగిలే ఆస్తి, ఇంత ఉండాలన్న షరతు బదులు డిపాజిట్ పెట్టారు, 150 మంది క్లయింట్ల దాకా లక్ష రూపాయలు చాలు. మీలో పాతికేళ్లవాళ్లు ఇక్కడ కూర్చోగలిగింది అందువల్లే, సంతోషం. ఏఐ టూల్స్ వాడితే ఆ సంగతి క్లయింటుకి చెప్పాలి, ఫలితానికి పూర్తి బాధ్యత మీదే అని కూడా రాశారు. "సాఫ్ట్‌వేర్ అలా చూపించింది సార్" అంటే చెల్లదు.

సరే, అసలు పనిలోకి వద్దాం. క్లయింటు ఎంత రిస్కు తట్టుకోగలడో తెలుసుకోవడం. ఇది చాలా ఆఫీసుల్లో ఐదు నిమిషాల తంతు. పది ప్రశ్నలు, ఇంగ్లీషులో, టిక్కు పెట్టించి, స్కోరు వేసి, "మీరు మోడరేట్‌లీ అగ్రెసివ్ అండి" అంటారు. ఆ మాట విన్న పెద్దమనిషి తనని తిట్టారో పొగిడారో తెలియక చూస్తుంటాడు. నిబంధనల్లో ఈ ప్రశ్నల గురించే ప్రత్యేకంగా రాశారు, గమనించారా? ప్రశ్నలు స్పష్టంగా ఉండాలి, తప్పుదారి పట్టించకూడదు, డొంకతిరుగుడు భాష ఉండకూడదు, జవాబు వైపు నెట్టే ప్రశ్నలు అడగకూడదు. "మీ డబ్బు ద్రవ్యోల్బణాన్ని మించి పెరగాలని కోరుకుంటారా?" అని అడిగితే కాదనేదెవరు? ఔనన్న ప్రతివాడికీ నాలుగు మార్కులు వేసి చిన్న కంపెనీల స్మాల్ క్యాప్ ఫండ్ అంటగడితే, అది కొలత కాదు, ఉచ్చు.

రెండు సంగతులు విడివిడిగా తెలుసుకోవాలి. నష్టం భరించడానికి మనసు ఒప్పుకుంటుందా అన్నది ఒకటి. భరించే స్తోమత ఉందా అన్నది ఇంకొకటి. మొదటిది అడగడానికి నేను ఊహాజనితమైన ప్రశ్నలు మానేసి గతం అడుగుతాను. 2020 జనవరి మధ్యలో సెన్సెక్స్ 41,900 దగ్గర ఉంది. మార్చి 23న 25,981 దగ్గర ముగిసింది. "ఆ వారం మీరు ఏం చేశారు?" ఏమీ చేయలేదన్నవాడు, అమ్మేశానన్నవాడు, అప్పుచేసి ఇంకా కొన్నానన్నవాడు, అసలు అప్పటికి మార్కెట్టే తెలియదన్నవాడు. నలుగురూ నాలుగు రకాల మనుషులు. చివరివాడితో మరీ జాగ్రత్త. 2021లో మొదలుపెట్టినవాళ్లకి పడిపోవడం అంటే రెండు నెలల సంగతి అనే నమ్మకం ఉంటుంది.

రెండోది, స్తోమత. దీనికి మనిషి ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. గుంటూరు వైపు మిర్చి పండించే రైతు ఉన్నాడు. మంచి ఏడాదిలో చేతినిండా డబ్బు. ఆయన ధైర్యం చూస్తే మనకే భయం వేస్తుంది, స్కోరు వేస్తే అగ్రెసివ్ అనే వస్తుంది. కానీ ఆయన బతుకే ఒక రిస్కు. తెగులొచ్చినా, యార్డులో రేటు పడినా పెట్టుబడికి డబ్బు కావాలి, అది కూడా ఆ నెలలోనే. ఆయనకి ముందు రెండు పంటల పెట్టుబడి బ్యాంకులో ఉండాలి, మిగతా కబుర్లు తర్వాత. ఎఫ్‌డీ వేయిస్తే మనకేం వస్తుంది? ఏమీ రాదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు సంగతి ఇంకో రకం. జీతం ఆ కంపెనీదే, షేర్లు ఆ కంపెనీవే, ఇల్లు ఆ కంపెనీలు ఉన్న ఏరియాలోనే, భార్య ఉద్యోగం కూడా ఆ రంగంలోనే. అతను తన పోర్ట్‌ఫోలియో డైవర్సిఫైడ్, అంటే రిస్కు నాలుగు చోట్లకి పంచినది, అనుకుంటాడు, ఎందుకంటే ఆరు ఫండ్స్ ఉన్నాయి.

మన ప్రాంతంలో పనిచేసేవాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, ఇంగ్లీషు ఫారాల్లో సరిగ్గా కనిపించదు. "మీరు ఎవరికైనా షూరిటీ సంతకం పెట్టారా?" చిట్టీ పాడుకున్నవాడికి ప్రభుత్వోద్యోగి షూరిటీ కావాలి. తోటి టీచరు అడిగాడని, వియ్యంకుడు అడిగాడని సంతకాలు పెట్టేస్తారు. అవతలివాడు కట్టడం మానేస్తే జీతం మీదికి వస్తుంది. మీరు గీసిన అందమైన నెట్‌వర్త్ పట్టికలో ఆ సంతకం ఎక్కడా ఉండదు. అలాగే చెల్లెలి పెళ్లికి మాటిచ్చిన డబ్బు, నోటు లేకుండా ఇచ్చిన చేబదులు, ఊళ్లో పంపకాలు కాని అర ఎకరం. ఇవి అడగకుండా ప్లాన్ రాయడం అంటే రోగి నాడి చూడకుండా మందు రాయడమే.

ఇవి అడిగినప్పుడు రహస్యాలు బయటికొస్తాయి. గోప్యత అన్న ప్రమాణం పుస్తకంలో చదివినంత సులువు కాదని అక్కడ తెలుస్తుంది. భార్యాభర్తలు ఇద్దరూ మీ క్లయింట్లే. భర్త ఒక్కడే వచ్చి, "సార్, తమ్ముడి కోసం పన్నెండు లక్షలు అప్పు చేశాను, మా ఆవిడకి చెప్పకండి" అంటాడు. లేదా ఆవిడ ఫోను చేసి, "అన్నయ్యా, నా బంగారం బ్యాంకులో ఉంది, ఆయనకి తెలియదు" అంటుంది. ఇద్దరికీ కలిపి రిటైర్మెంట్ ప్లాన్ రాయాల్సింది మీరు. ఏం చేస్తారు? వాళ్లు చెప్పింది మీ నోటినుంచి బయటికి రాకూడదు. కానీ ఆ అప్పు లేనట్టు ప్లాన్ కూడా రాయకూడదు. నా పద్ధతి చెప్తాను. మొదటి రోజే, ఇద్దరూ ఉండగానే, ఒప్పందంలో రాసుకుంటాను: ఇంటి డబ్బుకి సంబంధించి ఒకరు చెప్పింది ఇంకొకరి దగ్గర దాచి నేను ప్లాన్ చేయను. దాచాల్సి వస్తే ఆ పని ఆపేస్తాను, ఎందుకు ఆపానో చెప్పను. ఈ మాట ముందే చెప్తే చాలామంది ఆ వారంలోనే ఇంట్లో మాట్లాడుకుంటారు. కొందరు మాట్లాడుకోరు, వాళ్ల ఫీజు వెనక్కి ఇచ్చేయాల్సి వస్తుంది.

ఆడవాళ్ల సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొక్క మాట. మీటింగుకి భర్త ఒక్కడే వస్తే, భార్య లేకుండా రెండో మీటింగు పెట్టకండి. డబ్బు ఎక్కడుందో తెలియని భార్య, ఆయన పోయిన తర్వాత పదకొండో రోజున కాగితాల సంచీ పట్టుకుని మీ దగ్గరికే వస్తుంది. నామినీగా పేరుంటే అంతా తనదే అనుకుంటుంది. షేర్ల విషయంలో నామినీ యజమాని కాదని, వారసత్వ చట్టమే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చి చెప్పింది. వీలునామా గురించి మాట్లాడితే మనకి కమీషన్ రాదు, ఫీజూ పెరగదు. అశుభం మాట్లాడాడని కోపం కూడా రావచ్చు. అయినా మాట్లాడాలి.

విజయవాడలో నిలబడి అగ్రిగోల్డ్ గురించి మాట్లాడకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. ఈ ఊరి కంపెనీ. సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు, ఆంధ్ర, తెలంగాణతో పాటు పక్క రాష్ట్రాల్లో కూడా. స్థలం ఇస్తామనో, ఎక్కువ మొత్తం తిరిగిస్తామనో కట్టించుకున్నారు. ఆ డబ్బు కట్టించుకున్నదెవరు? ఆ ఊళ్లో ఉండే ఏజెంటే. పక్కింటి మనిషి, బంధువు, ఒక్కోసారి బడిపంతులు. వాళ్లలో చాలామంది తమ డబ్బు కూడా అందులోనే పెట్టారు. మోసం చేద్దామని కాదు, నమ్మే చేశారు. అది కూలిపోయాక ఆ ఏజెంట్లు ఊళ్లో తలెత్తుకు తిరగలేకపోయారు. కొందరు ప్రాణాలే తీసుకున్నారు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది "దొంగ కంపెనీలకి దూరంగా ఉండండి" అన్నది కాదు, అది ఎవడైనా చెప్తాడు. ఆ ఏజెంట్లలో నిజాయితీ ఉంది, శ్రద్ధ లేదు. పదిమంది దగ్గర డబ్బు పోగుచేసి ఉమ్మడి పథకం నడపాలంటే సెబీ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి. ఉందా అని అడగాలి. ఏం వ్యాపారం చేసి అంత రాబడి ఇస్తారని అడగాలి. అడిగితే ఆ నెల కమీషన్ పోయేది. మంచివాడు కావడం ఈ వృత్తికి చాలదని నేను అనేది అందుకే. మీకు అర్థం కాని సరుకు గురించి నోరు తెరవకండి. ఇవాళ వాట్సాప్‌లో తిరుగుతున్న నెలకి మూడు శాతం స్కీముల దగ్గర కూడా ఇవే రెండు ప్రశ్నలు.

తెలియనిది తెలియదని చెప్పాల్సిన చోటు ఇంకొకటి, మన ఇళ్లలో మామూలైపోయిన అమెరికా వ్యవహారం. కొడుకు డాలస్‌లో ఉంటాడు, ఇక్కడ తండ్రి అకౌంటు నుంచి అతని పేరు మీద సిప్ నడుస్తుంటుంది. మంచి ఫండే. కానీ అక్కడి పన్ను చట్టం దృష్టిలో మన మ్యూచువల్ ఫండ్ ఒక పీఎఫ్ఐసీ, అంటే ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీ. దానికి 8621 అనే ఫారం, కఠినమైన పన్ను లెక్క. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా పదివేల డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలు చెప్పే ఎఫ్‌బార్ దాఖలు చేయాలి. ఇటు చూస్తే, ఎన్నారై అయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్నారైలకి ఉండే ఎన్నారో ఖాతాగా మార్చాలి, కొత్తగా పీపీఎఫ్ తెరవకూడదు, వ్యవసాయ భూమి కొనకూడదు. మీరు ఇక్కడ ఎంత గొప్ప నిపుణులైనా, "బాబూ, అక్కడి ఆడిటరుని, సీపీఏని అడిగిన తర్వాతే ఇందులో అడుగుపెట్టు" అని చెప్పి ఆ సిప్ వదులుకోవాలి. ఎన్నారై డబ్బు పెద్దది కాబట్టి వదులుకోవడం కష్టం, నాకు తెలుసు.

ఇప్పటిదాకా చెప్పిందంతా మనసులో ఉంటే సరిపోదు, కాగితం మీద ఉండాలి. రిజిస్టర్డ్ అడ్వైజరు సంతకాలైన ఒప్పందం లేకుండా ఫీజు తీసుకోకూడదు, నగదు అసలే తీసుకోకూడదు, ఉచిత ట్రయల్ పేరుతో సలహా ఇవ్వకూడదు, రికార్డులు ఐదేళ్లు ఉంచాలి. ఇవి అందరికీ తెలుసు. నేను అడిగేది ఇంకొంచెం. ప్రతి సిఫార్సుకీ అరపేజీ నోటు రాయండి, తెలుగులో. ఏం చెప్పాను, ఎందుకు చెప్పాను, ఇంకేం చూశాను, అవి ఎందుకు వద్దనుకున్నాను, దీని వల్ల నాకేం వస్తుంది. చివరి వాక్యం రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది. అలా ఆగిందంటే ఆ సిఫార్సుని ఇంకోసారి చూడాలి. మార్కెట్ పడినప్పుడు క్లయింటు "నువ్వే కదా చెప్పావు" అంటాడు. ఆ రోజు మిమ్మల్ని కాపాడేదీ ఆ అరపేజీయే, ఆయన్ని తొందరపడి అమ్మకుండా ఆపేదీ అదే. వాట్సాప్‌లో "సార్, ఇది తీసుకోండి, బాగుంది" అని పంపేది కూడా సలహా కిందికే వస్తుందని మర్చిపోకండి. రేపు సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో ఫిర్యాదు పడితే బయటికొచ్చేది ఆ స్క్రీన్‌షాటే.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, నేను బీమా ఏజెంటుని. మొదటి ప్రీమియంలో కొంత నేను కట్టకపోతే పాలసీ అవతలివాడికి వెళ్లిపోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లనివ్వండి. బీమా చట్టం 41వ సెక్షన్ అలా డబ్బు వెనక్కివ్వడాన్ని నిషేధిస్తుంది, మీకూ తెలుసు. నేను చట్టం సంగతి పక్కన పెట్టి చెప్తాను. మీ డబ్బు కోసం పాలసీ తీసుకున్నవాడు రెండో ఏడు కట్టడు. పోయేది ఆయన ప్రీమియమూ, మీ పేరూ. దాని బదులు ఇంకోటి చేసి చూడండి. పాలసీ చేతికిచ్చేటప్పుడు "ముప్పై రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కివ్వొచ్చు" అని మీ నోటితో మీరే చెప్పండి. 2024 నుంచి జీవిత బీమా పాలసీలకి ఆ గడువు ముప్పై రోజులు. అది విన్నాక కూడా ఉంచుకున్నవాడు ఉంటాడు. మొదటి ఏడాది మీ సంపాదన తగ్గుతుంది, నేను కాదనను.

ప్రశ్న: కుర్ర క్లయింట్లు ఎఫ్ అండ్ ఓ, అదే ఫ్యూచర్స్, ఆప్షన్ల ట్రేడింగ్ గురించే అడుగుతున్నారండి. వద్దంటే వేరే చోటికి పోతున్నారు.

జవాబు: 2024 సెప్టెంబరులో సెబీ ఇచ్చిన అధ్యయనం చూపించండి. మూడేళ్ల లెక్క. విడి ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. అయినా చేస్తానంటే అది అతని హక్కు. మీరు మాత్రం దానికి ప్లాన్‌లో చోటు ఇవ్వకండి, ఇవ్వలేదని నోటులో రాయండి. పోయేవాళ్లు పోతారు. ఏడాది తర్వాత కొందరు తిరిగొస్తారు, అప్పుడు "నేను ముందే చెప్పాను" అని మాత్రం అనకండి.

ప్రశ్న: మేడమ్ ఒకరు పెద్దావిడ, పిల్లలు విదేశాల్లో ఉన్నారు. లాగిన్, పాస్‌వర్డ్ నాకే ఇచ్చేశారు. ఓటీపీ వస్తే ఫోనులో చదివి చెప్తారు. ఆవిడకి చేతకాదు మరి. అది తప్పా?

జవాబు: తప్పే. క్లయింటు తరఫున లావాదేవీలు చేసే అధికారం, పవర్ ఆఫ్ అటార్నీ లాంటివి అడ్వైజరు తీసుకోకూడదు. మీరు మంచివారే అనుకుందాం. రేపు మీ ఆఫీసులో ఇంకెవరి చేతిలోనో ఆ పాస్‌వర్డ్ పడితే? పిల్లలు వచ్చి "మా అమ్మ ఈ లావాదేవీ చేయలేదు" అంటే మీ దగ్గర జవాబుందా? సోమవారం వెళ్లి ఆవిడ చేతే పాస్‌వర్డ్ మార్పించండి, మీరు అటు తిరిగి కూర్చోండి. లావాదేవీ చేయాల్సినప్పుడు ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ చేతే నొక్కించండి. గంట పడుతుంది. విదేశంలో ఉన్న కొడుకుని వీడియో కాల్‌లో ఉంచమనండి. ఓటీపీ ఎవరికీ చదివి చెప్పకూడదని, మీకు కూడా చెప్పకూడదని ఆవిడ ఫోను పక్కన పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. మొన్నటిదాకా మీకు చదివి చెప్పిన అలవాటు ఉంది కదా, రేపు బ్యాంకు నుంచి అంటూ ఇంకెవడో అడిగినా అలాగే చదివేస్తారు.